చంద్రపూర్ ఎండల్లో వాసన గులాబీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా బల్లార్షా. ఇంట్లో తెలుగు, గేటు దాటితే మరాఠీ, స్టేషన్‌లో హిందీ. పెరట్లోనూ డాబా మీదా కలిపి నలభైకి పైగా గులాబీ మొక్కలున్నాయి. రాజురా, గఢ్‌చాందూర్, అహేరి, సిరొంచ వైపు తెలుగు ఇళ్ల నుంచి చుట్టాలు, తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలే ఇవి. ఇన్నిసార్లు చెప్పే బదులు ఒకచోట రాస్తే నయమనిపించింది. నేను రసాయన మందులు కొట్టను. మా పూలు దేవుడికి, జడలోకి, గుల్కందులోకి పోతాయి. నోట్లో పెట్టుకునేదానికి మందెలా కొడతాం?

మా ఊళ్లో మే నెలలో 46 డిగ్రీలు. వాసన గులాబీ అసలు బతుకుతుందా?

బతుకుతుంది. కాకపోతే మే నెలలో దాన్ని పువ్వు అడగకూడదు. పగలు 25 డిగ్రీలు, రాత్రి 15 డిగ్రీల చుట్టూ ఉంటే గులాబీకి హాయి. మన దగ్గర ఆ వాతావరణం కార్తీకం నుంచి మాఘం దాకా ఉంటుంది. అప్పుడు పూసే పువ్వే అసలు పువ్వు. ఎండాకాలంలో అదే మొక్కకు చిన్న పువ్వు వస్తుంది, రేకులు తగ్గుతాయి, పొద్దున ఎనిమిదింటికల్లా వాసన ఎగిరిపోతుంది. అది చూసి మొక్క చెడిపోయిందని పీకేసినవాళ్లు నాకు తెలుసు. నేనూ ఒకసారి పీకాను. మన ఎండల్లో గులాబీ పెంచడమంటే నాలుగు నెలలు మొక్కను కాపాడుకోవడం, మరో నాలుగు నెలలు పూలు కోసుకోవడం. మిగతా నాలుగు నెలలు వానలూ, పురుగులూ.

వాసన ఉంటుందని చెప్పి అమ్మారు. పూశాక చూస్తే ఏ వాసనా లేదు. ఎందుకు?

నాకూ అయింది. రోడ్డు పక్క నర్సరీలో "దేశీ పన్నీరు" అని ఇచ్చిన మొక్క, తీరా పూస్తే కాగితం పువ్వులా ఉంది. అప్పటి నుంచి పువ్వు చూసి, వాసన చూసి తప్ప కొనను. అదీ పొద్దున పూటే. మధ్యాహ్నం పోతే మంచి రకం కూడా వాసన లేనట్టే ఉంటుంది.

పెళ్లిళ్లలో, బొకేల్లో కనిపించే పొడుగు కాడ "డచ్ గులాబీ"లు పాలీహౌసుల్లో పెంచేవి. కోసి, పెట్టెలో సర్ది, దూరం పంపినా వాడిపోకుండా ఉండాలని ఆ రకాలను ఎంచి పెంచారు. ఆ ఎంపికలో వాసనను ఎవరూ పట్టించుకోలేదు. 2015లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఒక విషయం బయటపెట్టారు. ఘుమఘుమలాడే పాపా మెయిలాండ్ రకాన్నీ, వాసన అంతగా లేని రూజ్ మెయిలాండ్ రకాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, జెరానియోల్ లాంటి వాసన పదార్థాలు తయారవడానికి కావలసిన ఒక ఎంజైము మొదటిదాని రేకుల్లో చురుగ్గా పనిచేస్తోంది, రెండోదాంట్లో దాదాపు లేదు. అంటే పుట్టుకతో వాసన లేని రకానికి మీరు ఎంత పేడ వేసినా, ఎంత జీవామృతం పోసినా వాసన రాదు. ఎరువు మొక్కకు బలమిస్తుంది, ఉన్న వాసనను నిలబెడుతుంది, అంతే.

మరి ఏ రకాలు పెట్టాలి?

మొదటి మొక్క కొనేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: మరాఠీవాళ్లు "గావఠీ గులాబ్" అనే నాటు గులాబీ. లేత గులాబీ రంగు, గుత్తులుగా పూస్తుంది, రేకులు పలచగా ఉంటాయి, రెండో రోజుకే రాలిపోతాయి. కానీ ఆ వాసన! ఎడ్వర్డ్ గులాబీ అనేది కూడా ఈ జట్టులోదే. దాదాపు ఏడాది పొడుగునా పూస్తూ ఉంటుంది, ఎండకు తట్టుకుంటుంది. బజారులో దీనికి పేరుండదు, పాత ఇళ్ల పెరళ్లలో దొరుకుతుంది. అడిగి కొమ్మ తెచ్చుకోండి.

ఎరుపు కావాలంటే గ్రూస్ ఆన్ టెప్లిట్జ్. పేరు నోరు తిరగదు, "టెప్లిట్జ్" అంటే నర్సరీవాళ్లకు అర్థమవుతుంది. 1897 నాటి రకం. మెడ వాల్చి పూస్తుంది, అందుకే పూలజాడీకి పనికిరాదు. మన వేడికి మాత్రం గట్టిది. దాని సంతానంలో మనదేశంలో పుట్టినది రోజ్ షర్బత్. ఢిల్లీ పూసా సంస్థలో బి.పి.పాల్ 1962లో విడుదల చేసిన రకం. గోధుమ శాస్త్రవేత్తగా పేరుపొందిన మనిషి, గులాబీలంటే ప్రాణం. పేరుకు తగ్గట్టు షర్బత్‌కీ గుల్కందుకీ బాగుంటుంది.

పెద్ద పువ్వు రకాల్లో డబుల్ డిలైట్ నాకు ఇష్టం. తెల్లటి రేకుల అంచు ఎండ తగిలినకొద్దీ ఎర్రబడుతుంది, పిల్లలు రోజూ వచ్చి చూస్తారు. మిస్టర్ లింకన్ కూడా పర్వాలేదు. పాపా మెయిలాండ్ వాసనకు సాటి లేదు కానీ బూడిద తెగులు దాన్ని వదలదు. మందు కొట్టకుండా పెంచాలనుకునేవాళ్లు దాని జోలికి పోవద్దు. మూడుసార్లు తెచ్చాను, మూడుసార్లూ ఓడిపోయాను.

చైతీ గులాబీ అని రాజస్థాన్‌లోని హల్దీఘాటీ నుంచి తెప్పించుకోవచ్చా?

తెప్పించుకోవచ్చు. అది దమస్క గులాబీ. హల్దీఘాటీ, పుష్కర్, కన్నౌజ్‌లలో అత్తరుకి, గులాబ్‌జల్‌కి వాడేది. ఏడాదికి ఒక్క విడత, మార్చి, ఏప్రిల్‌లో పూస్తుంది. చలి బాగా తగిలితేనే మొగ్గ కడుతుంది. మన దగ్గర డిసెంబరులో రాత్రులు పది, పన్నెండు డిగ్రీలకు దిగుతాయి కాబట్టి కొద్దిగా పూస్తుంది. ఉగాదికి నాలుగు పూలు, మహాకాళి జాతర నాటికి మరో పది. అది చాలనుకుంటే పెట్టండి, మిగతా పదకొండు నెలలు ముళ్లపొదే.

మాది నల్ల రేగడి. గులాబీ వేస్తే వానల్లో కుళ్లిపోతోంది.

రేగడి తప్పు కాదు, గుంట తప్పు. రేగడి వానలో ఉబ్బి నీళ్లు పట్టుకుంటుంది, ఎండలో నెర్రెలు విచ్చి వేళ్లను తెంపుతుంది. అందులో గుంట తవ్వి మంచి మట్టి నింపితే అది బావిలా మారుతుంది. చుట్టుపక్కల నీళ్లన్నీ అందులోకే చేరతాయి. మా అత్తగారింట్లో మొదటి ఏడు మొక్కలు అలాగే పోయాయి.

నేల కంటే జానెడు ఎత్తు గట్టు కట్టండి. కింద అడుగున్నర లోతు తవ్వి వదులు చేసి, ఆ రేగడి రెండు వంతులు, ఎర్ర మొరం లేదా ముతక ఇసుక ఒక వంతు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక వంతు కలిపి గట్టుగా పోయండి. మొక్కకు రెండు గుప్పిళ్ల వేప పిండి వేస్తే చెదలు దగ్గరికి రావు. ఎరువు మాగిందా లేదా అన్నది చేతిలో తెలుస్తుంది: వేడి ఉండకూడదు, పేడ వాసన రాకూడదు, చేతిలో పొడిపొడిగా రాలాలి. పచ్చి పేడ వేస్తే చెదలకు మీరే భోజనం పెట్టినట్టు.

మొరం కొనేటప్పుడు ఒక గ్లాసులో కొద్దిగా వేసి నిమ్మరసమో వెనిగరో పోయండి. బుసబుస పొంగితే అందులో సున్నం ఉంది, వద్దు. మన రేగడిలో సున్నం ఎప్పుడూ ఎక్కువే.

కొత్త ఆకులు పసుపుగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉన్నాయి. నీళ్లు ఎక్కువయ్యాయా?

నీళ్లు ఎక్కువైనా ఇలా అవుతుంది, కానీ ఎక్కువసార్లు ఇనుము అందకే. నేలలో ఇనుము లేక కాదు. సున్నపు నేలలో, ఉప్పు బోరు నీళ్లతో అది వేళ్లకు దొరకని రూపంలోకి మారిపోతుంది. గులాబీకి కాస్త పులుపు నేల, ఆరు, ఆరున్నర పీహెచ్ ఇష్టం. మన రేగడి ఎనిమిది చుట్టూ ఉంటుంది. అందుకే ఎరువే మందు. ఏటా రెండుసార్లు పశువుల ఎరువు, పైన ఆకుల పరుపు వేస్తే రెండేళ్లలో పచ్చబడుతుంది. తొందరగా కావాలంటే అన్నభేది, లీటరు నీళ్లకు ఐదు గ్రాములు, అరచెక్క నిమ్మరసం పిండి, సాయంత్రం కొత్త ఆకుల మీద చల్లండి. పది రోజులకు మళ్లీ ఒకసారి. అన్నభేది నేల మీద ఒట్టిగా చల్లితే సున్నం దాన్ని మింగేస్తుంది, ఎరువులో కలిపి వేయాలి. సేంద్రియ సర్టిఫికెట్ మీద పూలు అమ్మేవాళ్లు మాత్రం ముందు సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లను అడిగి వాడండి.

ఇక్కడే ఇంకోమాట. గుడ్డు పెంకులు, పొయ్యి బూడిద వేయమని అందరూ చెబుతారు. అది ఎర్ర నేలలవాళ్లకు చెప్పిన మాట. రెండూ సున్నాన్ని పెంచేవే, మన నేలలో వద్దు.

ఎండాకాలం నీళ్లు చాలక కూలర్‌లో మిగిలిన నీళ్లు పోస్తున్నాం. పర్వాలేదా?

పోయకండి. ఇది నేను నా మొక్కల ప్రాణం తీసి నేర్చుకున్నది. విదర్భలో ప్రతి ఇంటికీ ఒక పెద్ద ఇనుప కూలర్, అడుగున ఎప్పుడూ ఒక బకెట్ నీళ్లు. వృథా ఎందుకని ఒక ఎండాకాలమంతా డాబా మీది కుండీలకు అవే పోశాను. జూన్ నాటికి ఆకుల అంచులన్నీ కాలినట్టు గోధుమ రంగుకి వచ్చాయి, పదిహేను మొక్కల్లో తొమ్మిది పోయాయి. కూలర్ గడ్డి చాపల మీద తెల్లగా పేరుకునేది చూశారు కదా? నీళ్లు ఆవిరై పోతుంటే ఉప్పు కిందే మిగులుతుంది. రోజూ కొత్త బోరు నీళ్లు పోస్తాం, రోజూ ఉప్పు చిక్కబడుతుంది. ఆర్వో ఫిల్టర్ వదిలేసే నీళ్లూ ఇంతే, వాటితో గచ్చు కడుక్కోండి. ఏసీ నుంచి చుక్కచుక్కగా కారే నీళ్లు మాత్రం బంగారం. అవి గాలిలోని తేమ నీరై దిగినవి, ఉప్పు ఉండదు.

బోరు నీళ్లే గతి అయితే నెలకోసారి కుండీలో అడుగు రంధ్రం నుంచి ధార కట్టేదాకా నిండుగా పోసి ఉప్పును కడిగేయండి. వానాకాలం ఆ పని వానే చేస్తుంది.

ఎన్నిసార్లు నీళ్లు పోయాలి?

లెక్క లేదు, వేలు పెట్టి చూడాలి. రెండు వేళ్ల లోతులో తడి ఉంటే వద్దు. మే నెలలో పన్నెండు అంగుళాల కుండీకి పొద్దునా సాయంత్రం పడుతుంది, నేల మీది మొక్కకు రోజు విడిచి రోజు చాలు. మిట్టమధ్యాహ్నం పైపు పట్టుకోకండి. పైపులో నిలిచిన నీళ్లు టీ కాచుకునేంత వేడిగా వస్తాయి.

రోహిణి కార్తెలో మొక్కలను ఎలా కాపాడుకోవాలి?

రోహిణిలో రోళ్లు పగులుతాయని మనం అంటాం, నౌతపా అని మరాఠీ, హిందీవాళ్లు అంటారు. మే 25 నుంచి ఆ తొమ్మిది రోజులు గట్టెక్కితే మొక్క మనదే. నేను హోళీ అవగానే యాభై శాతం ఎండను ఆపే గ్రీన్ నెట్ కడతాను. పైన కాదు, పడమటి వైపు. పొద్దుటి ఎండ గులాబీకి కావాలి, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఉండే ఎండే చంపేది. నల్ల ప్లాస్టిక్ కుండీలు ఉంటే వాటిని పెద్ద మట్టి కుండీలో దించి మధ్యలో ఇసుక నింపి తడపండి. వేళ్లు ఉడకవు. డాబా గచ్చు మీద కుండీ నేరుగా పెట్టొద్దు, రెండు ఇటుకల మీద ఎత్తండి.

మొదట్లో మట్టి మీద పరిచే పరుపు కోసం నేను గడ్డి కొనేదాన్ని. బల్లార్షాలో ఉంటూ గడ్డి కొనడమేమిటని మా మామయ్య నవ్వారు. టేకు ఊరు కదా, ఫిబ్రవరి, మార్చిలో ఎక్కడ చూసినా పళ్లెమంత ఆకులు. అవి తొందరగా కుళ్లవు, రెండు పొరలు పరిస్తే ఎండాకాలమంతా ఉంటాయి. నీళ్లు దిగేలా చించి వేయండి. కాండానికి నాలుగు వేళ్ల దూరం వదలాలి, లేకపోతే చెదలు పాకుతాయి.

ఈ కాలంలో కత్తిరింపు వద్దు, ఎరువు వద్దు. మొగ్గ వస్తే బఠాణీ అంత ఉండగానే గిల్లేయండి. మనసొప్పదు, నాకు తెలుసు.

కొమ్మలు ఎప్పుడు కత్తిరించాలి?

వానలు పూర్తిగా ఆగాక, దసరాకీ దీపావళికీ మధ్య. మా ఇంట్లో బతుకమ్మ నిమజ్జనం అయిన వారంలో కత్తెర బయటికి వస్తుంది. కత్తిరించిన 45, 50 రోజులకు పూలు. పెద్ద పువ్వు రకాలను సగానికి, ఎండు కొమ్మ, లోపలికి తిరిగిన కొమ్మ మొత్తంగా. నాటు గులాబీని అంతగా నరకొద్దు, పైన మూడో వంతు తీస్తే చాలు. కోత బయటికి చూసే కన్ను (చిగురు వచ్చే చోటు) పైన పావు అంగుళం ఎత్తులో, వాలుగా ఉండాలి.

కోసిన చోటు నుంచి కొమ్మ నల్లబడుతూ కిందికి ఎండిపోయే తెగులు మన దగ్గర ఎక్కువ. నల్లబడినదాని కింద, లోపల తెల్లగా కనిపించే దాకా కోసేయండి. కోతలకు బోర్డో పేస్టు రాయాలి: మైలుతుత్తం వంద గ్రాములు, సున్నం వంద గ్రాములు, నీళ్లు లీటరు. విడివిడిగా కరిగించి, ప్లాస్టిక్ బకెట్‌లో కలపాలి. ఇనుప పాత్ర వాడొద్దు. అంత ఓపిక లేనివాళ్లు పేడ, పసుపు కలిపి రాస్తారు. బోర్డో అంత నమ్మకం కాదు, ఏమీ రాయకపోవడం కంటే నయం.

జీవామృతం వాడాలా?

వాడితే మంచిదే. దీన్ని ఊరూరా ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ మన విదర్భ మనిషే, అమరావతి జిల్లా. రెండు వందల లీటర్ల లెక్క ఇంటికి ఎక్కువ, ఇరవై లీటర్లకు కిలో పేడ, లీటరు గోమూత్రం, రెండు వందల గ్రాముల చొప్పున బెల్లం, శనగపిండి, గుప్పెడు పొలం గట్టు మట్టి. నీడలో రెండు, మూడు రోజులు, పొద్దునా సాయంత్రం కర్రతో తిప్పాలి. వారంలోపు వాడేయాలి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా పదిహేను రోజులకోసారి మొక్కకు ఒక లీటరు. ఆవు దొరకని అపార్ట్‌మెంట్‌వాళ్లు టెన్షన్ పడక్కర్లేదు. పల్లి చెక్క పిండి నానబెట్టి, ఆ పులిసిన నీళ్లకు పది రెట్లు నీళ్లు కలిపి పోయండి. కంపు కొడుతుంది, పక్కింటివాళ్లు అడుగుతారు.

టీ పొడి కడిగి ఆరబెట్టి వేయండి, పాలూ చక్కెరా ఉంటే చీమలు. అరటి తొక్కలు కంపోస్టులోకి, కుండీలోకి కాదు.

మొగ్గలు విచ్చుకోకుండా అంచులు మాడిపోతున్నాయి. ఎండ వల్లేనా?

మొగ్గను తెల్ల కాగితం మీద తట్టండి. పసుపు రంగు సన్నని గీతల్లా కదిలితే తామర పురుగు. ఫిబ్రవరి నుంచి మే దాకా ఉంటుంది. ఆకు వెనక సన్నటి గూడు, పైన దుమ్ములాంటి చుక్కలు కనిపిస్తే ఎర్ర నల్లి. నల్లికి మందుకంటే నీళ్లే మంచివి. పొద్దున్నే ఆకుల వెనక పైపుతో గట్టిగా కొట్టండి, మూడు రోజులు వరసగా. పొడి గాలిలోనే అది పెరుగుతుంది.

తామర పురుగుకి వేప గింజల కషాయం. మరాఠీలో నింబోళి అంటారు, జూన్, జూలైలో చెట్టు కింద ఉచితంగా దొరుకుతాయి. నీడలో ఎండబెట్టి దాచుకోండి. పప్పు పొడి యాభై గ్రాములు లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టి, చిటికెడు సబ్బు కలిపి చల్లాలి. సాయంత్రమే. ఎండ తగిలితే వేప మందు బలం పోతుంది. వేప నూనె నలభై డిగ్రీలు దాటిన రోజుల్లో ఆకును కాల్చేస్తుంది, అప్పుడు కషాయమే మేలు. చల్లిన వారం దాకా ఆ పూలు గుల్కందుకి వద్దు, చేదు.

తొలి వానకి ఒక్క రాత్రిలో ఆకులన్నీ జల్లెడ అయ్యాయి!

పెంకు పురుగులు. మృగశిర చినుకులకు భూమిలోంచి లేస్తాయి. వేప చెట్టు మీదా, గులాబీ మీదా రాత్రి పూట మేస్తాయి. ఎనిమిది, తొమ్మిదింటికి టార్చ్ తీసుకుని వెళ్లి కొమ్మను దులిపి సబ్బు నీళ్ల బకెట్‌లో పడేయండి. నాలుగు రాత్రులు చేస్తే పని అయిపోతుంది. మా పిల్లలకు పురుగుకి రూపాయి ఇచ్చేదాన్ని, ఒక ఏడాది నష్టపోయాను.

వేరు దగ్గర నుంచి పొడుగ్గా ఒక కొమ్మ వచ్చింది, పూయడం లేదు.

అంటు మొక్క అయితే అది అడుగు మొక్క చిగురు. అంటు ముడి కింద నుంచి వచ్చిందో లేదో మట్టి తీసి చూడండి. కింద నుంచే అయితే కత్తిరించకండి, మొదలంటా లాగి పీకండి. వదిలేస్తే రెండేళ్లలో పైమొక్కను తినేస్తుంది. నాటు గులాబీ కొమ్మ నాటి పెంచినది కాబట్టి దానికి ఈ గొడవే లేదు. కింద నుంచి ఏది వచ్చినా అదే పువ్వు.

కొమ్మ నాటితే వస్తుందా?

నాటువి బాగా వస్తాయి. పెన్సిల్ లావు, జానెడు పొడవు, శ్రావణంలో గానీ కత్తిరింపు సమయంలో గానీ. పదింటికి ఆరు బతికితే సంతోషించండి. డబుల్ డిలైట్ లాంటివి కొమ్మతో వచ్చినా మన ఎండకు ఆగవు, అంటువే కొనండి.

వాసన పోకుండా ఎప్పుడు కోయాలి? గుల్కందు ఎలా?

సూర్యుడు రాకముందు, సగం విచ్చిన పువ్వు. వాసన అంటే రేకుల్లోంచి గాలిలోకి పోయే నూనె, ఎండ తగిలితే వేగంగా పోతుంది. గుల్కందుకి రేకులు కిలో అయితే పటికబెల్లం పొడి కిలో నుంచి రెండు కిలోలు. తడి అసలు ఉండకూడదు. గాజు సీసాలో పొర మీద పొర వేసి మూడు, నాలుగు వారాలు ఎండలో పెట్టాలి, రెండు రోజులకోసారి పొడి గరిటెతో కలపాలి. మన ఎండ మంచికి పనికొచ్చేది ఇక్కడే. బజారు గులాబీలతో చేయకండి, వాటి మీద ఏం కొట్టారో మనకు తెలియదు.

ఎకరం వేసి అత్తరు వ్యాపారం చేద్దామా అన్నయ్య అంటున్నాడు.

కిలో గులాబీ నూనెకు మూడు, నాలుగు టన్నుల పూలు కావాలి. అన్నయ్యను ముందు ఒక బుట్టెడు రేకులు తూచి చూడమనండి. పండగల పూట విడి పూలు అమ్మడం, గుల్కందు చేయడం వేరే సంగతి. అవి ఇంటి పక్క ఒక గుంట (ఎకరంలో నలభయ్యో వంతు) స్థలంతో మొదలుపెట్టొచ్చు.

కొండముచ్చులు మొగ్గలన్నీ తినేస్తున్నాయి. సేంద్రియంగా ఏం చేయాలి?

ఏమీ చేయలేం. వాటికి కూడా మందు కొట్టని మొగ్గలే ఇష్టం. కారం నీళ్లు చల్లాను, కడుక్కోకుండానే తిన్నాయి. చివరికి సిరొంచ నుంచి పాత చేపల వల తెప్పించి నాలుగు వైపులా కట్టాను. ఇప్పుడు వల కన్నాల్లోంచి చెయ్యి పెట్టి అందినవి తెంపుకుంటున్నాయి. అందని మధ్య మొక్కల పూలు మాకు.